బాగా తింటున్నా ఒంట్లో సత్తువ ఎందుకు లేదు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నాకు 44 ఏళ్ళు. మూడు రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని చేస్తున్నాను. రాత్రిళ్ళు ఎక్కువగా గుంటల కాడే ఉంటాను. నాలుగైదు నెలలుగా ఒళ్ళంతా నిస్త్రాణగా ఉంటోంది. తిండికి లోటేం లేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి తొమ్మిదింటికి క్యారియర్‌లో మళ్ళీ అన్నం. ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం, పూటకు ముప్పావు కిలో బియ్యం పోస్తారు. అయినా నాకు ఆకలి తీరినట్టుండదు. అర్ధరాత్రి దాటాక నిద్ర ఆపుకోవడానికి ఎనర్జీ డ్రింకు, పగలు నీళ్ళలో గ్లూకోజు పొడి తాగుతున్నాను. దాహం జాస్తిగా ఉంది, ఎండల వల్లనేమో. ఊళ్ళో సూదులేసే ఆయన దగ్గర నెలకోసారి సెలైన్ పెట్టించుకుని బి-కాంప్లెక్స్ వేయించుకుంటున్నాను. రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. ఒక మంచి ఏందంటే పొట్ట తగ్గింది, బెల్టు రెండు బెజ్జాలు లోపలికి పోయింది. తిన్న తిండి ఒంటికి ఎందుకు పట్టడం లేదు? అసలు తిండి బలంగా ఎట్లా మారుతుంది? బలానికి మందేమన్నా ఉంటే చెప్పండి. మా ఆవిడకు కూడా మేడమెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఈ మధ్య చాట ముందు కూర్చుంటే పచ్చిబియ్యం నములుతానే ఉంటుంది. కడుపులో పురుగులేమో అనుకుంటున్నాం.

జవాబు: మీరు మంచి కబురుగా రాసిన బెల్టు సంగతే నాకు కంగారు పుట్టించింది. తిండి తగ్గించలేదు, పని పెంచలేదు. ఆకలి పెరిగింది, దాహం పెరిగింది, మనిషి మాత్రం తగ్గారు. ఇవన్నీ ఒకరిలోనే కలిసి కనబడితే ముందు చూడాల్సింది రక్తంలో షుగరు. షుగరే అని ఉత్తరం చూసి తేల్చేయలేను కానీ, రేపు పొద్దున్నే పరీక్ష చేయించుకోండి. మిగతా జవాబు తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. తిండి బలంగా ఎట్లా మారుతుందో మీ గుంటల లెక్కలోనే చెబుతాను, ఎందుకంటే ఆ లెక్క నాకంటే మీకు బాగా తెలుసు. మేత బస్తాలు ఎన్ని వేసినా తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్య మేత ముట్టదు, పైకి తేలుతుంది. వేసిన మేతంతా అడుగున చేరి గుంటనే పాడు చేస్తుంది. అప్పుడు మీరు ఇంకో బస్తా వేస్తారా? వెయ్యరు. నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతారు, మేత తిన్నదీ లేనిదీ తెలిపే చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. ఒంట్లోనూ అంతే. తిన్నది రక్తంలోకి చేరాలి, అక్కడినుంచి కణం లోపలికి పోవాలి, అక్కడ ఆక్సిజన్ దొరకాలి, దాన్ని మండించే సరంజామా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మనిషికి నీరసమే. మీ ఇంట్లో మీకు ఒకచోట, మీ ఆవిడకు ఇంకోచోట తప్పినట్టుంది.

మధ్యాహ్నం మీరు కలుపుకునే అన్నాన్నే తీసుకుందాం. ముగ్గురికి ముప్పావు కిలో అంటే మీ వంతుకు పావు కిలో బియ్యం. అందులో దాదాపు 195 గ్రాములు పిండి పదార్థమే. అన్నాన్ని బాగా నమిలితే నోట్లోనే కాస్త తీపి తగులుతుంది, గమనించారా? లాలాజలంలోని ఎంజైము పిండిని అక్కడే విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కడుపులోని ఆమ్లంలో ఆ పని ఆగిపోతుంది. అక్కడ పప్పు, చేప, గుడ్డు లాంటి వాటిలోని మాంసకృత్తుల పని మొదలవుతుంది. అసలు అరుగుదల జరిగేది చిన్నపేగులో. సుమారు ఆరు మీటర్ల పొడవున్న ఆ గొట్టంలోకి క్లోమం తన రసాన్ని, పిత్తాశయం పైత్యరసాన్ని వదులుతాయి. పిండి గ్లూకోజుగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోయి పేగు గోడలోంచి రక్తంలోకి దిగి నేరుగా కాలేయానికి పోతాయి. కొవ్వు మాత్రం శోషరస నాళాల గుండా చుట్టూ తిరిగి రక్తంలో కలుస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి పరగడుపున ఉన్నప్పుడు ఒంట్లోని రక్తం మొత్తంలో కరిగి ఉండే గ్లూకోజు ఐదు గ్రాములకు అటూ ఇటూ. అంటే ఒక్క చెంచాడు. ఆ చెంచాడు ఉండాల్సిన చోటికి ఒక పూట అన్నంలోంచి దాదాపు రెండు వందల గ్రాములు రెండు మూడు గంటల్లో వచ్చి పడుతుంది. అయినా షుగరు పెద్దగా పెరగదంటే ఆ పుణ్యం ఇన్సులిన్‌ది. క్లోమం ఇన్సులిన్ వదలగానే కండరాల్లో, కొవ్వు కణాల్లో గ్లూకోజును లోపలికి లాక్కునే ప్రత్యేకమైన ప్రొటీన్లు కణం పైపొరకు వచ్చి నిలబడతాయి. కాలేయం సుమారు 100 గ్రాముల దాకా, కండరాలన్నీ కలిపి 400 గ్రాముల దాకా గ్లూకోజును గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. కాలేయం దాచిందే మళ్ళీ రక్తంలోకి వస్తుంది. కండరం దాచుకున్నది దాని ఖర్చుకే, బయటికి ఇవ్వదు. ఈ రెండూ నిండాక మిగిలింది కొవ్వు. మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. ఖర్చు మాత్రం ఐదో వంతు. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు దానికే కావాలి.

ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్న ఇన్సులిన్ మాట కణాలు వినకపోయినా ఏమవుతుందో ఇప్పుడు ఊహించండి. అన్నం అరిగింది, గ్లూకోజు రక్తంలోకి వచ్చింది, కండరంలోకి మాత్రం పోవడం లేదు. చుట్టూ గ్లూకోజే, కణానికి పస్తే. పస్తున్న ఒళ్ళు ఆకలి వేయిస్తుంది. మీరు ఇంకాస్త అన్నం పెట్టుకుంటారు. అది కూడా రక్తంలోనే తిరుగుతుంది. రక్తంలో డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్లకు, సుమారు 180 మిల్లీగ్రాములు దాటాక మూత్రపిండాలు ఆపలేక గ్లూకోజును మూత్రంలోకి వదిలేస్తాయి. గ్లూకోజు ఒక్కటే పోదు, వెంట నీళ్ళను లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, దానివల్ల దాహం. మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయా అని మన పెద్దవాళ్ళు అడిగేది ఇందుకే. రాత్రి గుంట గట్టున ఎన్నిసార్లు లేవాల్సి వస్తోందో మీరు రాయలేదు, ఒకసారి లెక్క వేసుకోండి. ఇటు కణాలకు గ్లూకోజు అందక ఒళ్ళు తన కొవ్వును, ఆఖరికి తన కండనే కరిగించుకుంటుంది. బెల్టు బెజ్జాలు అట్లాగే తగ్గుతాయి.

ఇదే నిజమైతే, పగలు మీరు కలుపుకుంటున్న గ్లూకోజు పొడి ఏం చేస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ రోజే ఆపేయండి. ఎనర్జీ డ్రింకు కూడా ఆపేయండి. 250 మిల్లీలీటర్ల డబ్బాలో చాలా రకాల్లో పాతిక గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. అందులో మీకు చురుకు తెప్పించేది కెఫీన్. కణాలు శక్తిని ఖర్చు చేసేకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర ముంచుకొస్తుంది. ఆ కబురు మెదడుకు అందకుండా కెఫీన్ అడ్డం కూర్చుంటుంది, అంతే. కొత్తగా శక్తినేమీ ఇవ్వదు. తాగినదాంట్లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి రెండింటికి తాగితే పొద్దున ఏడింటికి పడుకోబోయేసరికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. తర్వాత నిద్ర పట్టలేదంటే ఎట్లా పడుతుంది?

సెలైన్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన పల్లెల్లో ‘గ్లూకోజు బాటిల్ ఎక్కించుకుంటే బలం’ అన్న నమ్మకం పాతుకుపోయింది. ఈసారి సీసా చేతిలోకి తీసుకుని దాని మీద ఏముందో చదవండి. 5 శాతం డెక్స్‌ట్రోజ్, అర లీటరు అని ఉంటే అందులో గ్లూకోజు పాతిక గ్రాములు. దాంతో వచ్చే శక్తి రెండు ఇడ్లీలు తిన్నంత. ఉప్పునీటి సెలైన్ అయితే అసలు సున్నా. రెండు ఇడ్లీల కోసం గంటసేపు పడుకుని, సూది గుచ్చించుకుని, డబ్బులిచ్చి రావాలా? ‘మరి రెండు రోజులు బాగుంటోంది కదా’ అంటారు. నిజమే, మీకు బాగానే ఉంటుంది. నా అంచనా ప్రకారం దానికి కారణం ఆ నీళ్ళు. షుగరు ఎక్కువై మూత్రంలో నీళ్ళు పోయి ఎండిపోయిన ఒంటికి అర లీటరో లీటరో ఎక్కిస్తే కాసేపు తేరుకోక ఏమవుతుంది? ఆ తేరుకోవడమే ఇన్నాళ్ళూ మిమ్మల్ని పరీక్ష దాకా పోనివ్వలేదు. షుగరు ఉన్నవాళ్ళకు పరీక్ష చేయకుండా డెక్స్‌ట్రోజ్ ఎక్కించడం ప్రమాదం కూడా.

బి-కాంప్లెక్స్ సూది సంగతి వేరు. అందులో విషయం ఉంది. గ్లూకోజు కణంలోకి పోయాక మొదట రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియా అనే చోటికి పోయి ఆక్సిజన్‌తో పూర్తిగా మండాలి. ఆ మలుపు తిరగడానికి విటమిన్ బి1 తప్పనిసరి. అది లేక వచ్చేదే బెరిబెరి. తవుడంతా పోయేట్టు పట్టిన తెల్ల బియ్యమే ఆధారమైన చోట్ల ఆ జబ్బు ఎక్కువ, ఒకప్పుడు మనకు ఎగువనున్న సర్కారు జిల్లాల్లో జనాన్ని పీడించింది కూడా. ఇవాళ హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలైంది బెరిబెరి మీద పరిశోధనకే. గంజి వార్చి పారబోసే ఇళ్ళలో కొంత బి1 గంజితోనే పోతుంది. రోజూ మద్యం తాగేవాళ్ళలో ఈ లోపం ఎక్కువ. ఆ అలవాటు గురించి మీరేమీ రాయలేదు, ఉంటే మీ డాక్టరుతో దాచకండి. లోపం ఉన్నవాళ్ళకు బి విటమిన్లు బాగా పనిచేస్తాయి. లోపం లేనివాళ్ళకు వేస్తే ఎక్కువైంది పసుపు రంగు మూత్రంలో పోతుంది.

మైటోకాండ్రియాలో చివరికి తయారయ్యేది ఏటీపీ అనే అణువు. చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, ఈ అక్షరాలు చదివి అర్థం చేసుకోవాలన్నా కణం ఖర్చుపెట్టేది దాన్నే. దీన్ని కనుక్కున్నవాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా గుర్తించాడు. మన స్కూలు పుస్తకాల్లో ఆయనకు ఇంకొంచెం చోటివ్వొచ్చు. సరే, విషయానికి వస్తే, ఒక గ్లూకోజు అణువు ఆక్సిజన్‌తో మండితే సుమారు 30 ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ అందకపోతే వచ్చేవి రెండే. గ్లూకోజు అదే, తిండి అదే. ముప్పైకీ రెండుకీ తేడా ఆక్సిజన్ ఒక్కటే.

మీ ఆవిడ ఆయాసం గురించి ఇక్కడే చెప్పాలి. ఊపిరితిత్తుల నుంచి కణం దాకా ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్, దానికి ఇనుము కావాలి. ఇనుము తగ్గితే మెట్లెక్కేటప్పుడు కండరాలకు చాలినంత ఆక్సిజన్ అందక ఆయాసం, గుండెదడ. పచ్చిబియ్యం నమలడం కూడా రక్తహీనతలో తరచుగా కనబడేదే. బియ్యం, బలపం, మట్టి, ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. ఇనుము సరిపడా అందాక ఆ యావ దానంతటదే పోతుంది. అది చెడ్డ అలవాటని ఆమెను కసరకండి. మీ అనుమానం మరీ తప్పేం కాదు, కొంకిపురుగులు పేగుల్లో రక్తం తాగి ఇనుము తగ్గిస్తాయి. నెలసరి ఎక్కువగా పోతోందా అని కూడా ఆమెనే అడగండి, ఆడవాళ్ళలో అది పెద్ద కారణం. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు. ఆడవాళ్ళకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే గంట తర్వాతకు మార్చమనండి, టీ ఇనుమును పేగుల్లో పట్టేస్తుంది. కూరలో నిమ్మకాయ పిండుకున్నా, తిన్నాక జామకాయ తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. తిండితోనే మొత్తం సరిదిద్దుకుందామని మాత్రం కూర్చోకండి, తక్కువ ఉంటే బిళ్ళలు వాడాల్సిందే. ప్రభుత్వం ఇచ్చే ఆ బిళ్ళల్లో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపిందీ ఆ సుబ్బారావు గారే.

మళ్ళీ మీ దగ్గరికి. పరగడుపు షుగరు 126 లేదా అంతకు మించి ఉంటే షుగరు జబ్బు కింద లెక్క. 100 నుంచి 125 దాకా అయితే హద్దు మీద ఉన్నట్టు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా పైన ఉంటే షుగరే. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు కాబట్టి రాత్రి మేలుకునే మీకు అది సులువు. పరగడుపు పరీక్షకు మాత్రం ముందు ఎనిమిది గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. రాత్రి రెండింటికి డ్రింకో టీయో తాగి పొద్దున ఏడింటికి రక్తమిస్తే ఆ అంకెకు అర్థం లేదు. ఆ రాత్రికి గుంటల దగ్గర ఇంకెవరినైనా పెట్టుకోండి. వాటితో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించుకోండి. షుగరు లేదని తేలితే మాత్రం బరువు తగ్గడాన్ని వదిలేయొద్దు. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, టీబీ ఉన్నా మనిషి ఇట్లాగే తగ్గుతాడు.

పరీక్షలో ఏం వచ్చినా సరే, అన్నం గురించి ఒక మాట. జాతీయ పోషకాహార సంస్థ సూచించే రెండు వేల కేలరీల పళ్ళెంలో రోజు మొత్తానికి ధాన్యం 250 గ్రాములే. మీరు ఒక్క పూటలో తినేది అంత. మీరు కష్టం చేసే మనిషి, రెండు వేలకంటే ఎక్కువే కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ ఎక్కువంతా అన్నంలోంచే రావాలా? అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప పెంచండి. చేపల పులుసు మానమని నేనెప్పుడూ అనను, ఆ పులుసు కోసం కలుపుకునే మూడో ముద్ద దగ్గరే తంటా. కొర్రన్నం, రాగిసంగటి తింటే ఎంతైనా తినొచ్చు అని చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి. వాటిలో పీచు ఎక్కువ, రాగుల్లో కాల్షియం బాగా ఎక్కువ, అది నిజం. అయినా అవీ పిండి పదార్థమే, కొలత వాటికీ ఉంది.

ఒకే పళ్ళెం అన్నం పొద్దున తిన్నప్పటికంటే రాత్రి పొద్దుపోయాక తింటే షుగరును ఎక్కువ పెంచుతుంది, ఎందుకంటే రాత్రిపూట ఇన్సులిన్ అంత చురుగ్గా పనిచేయదు. కాబట్టి పెద్ద భోజనం ఇంట్లోనే ఏడింటిలోపు ముగించి గుంటకు బయలుదేరండి. క్యారియర్‌లో శనగల గుగ్గిళ్ళో, రెండు ఉడికించిన గుడ్లో, పల్చటి మజ్జిగో పెట్టించుకోండి. ఏది తిన్నా తర్వాత పావుగంట గట్టు చుట్టూ నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. ఎట్లాగూ ఏరియేటర్లు చూడ్డానికి లేస్తారు కదా, ఆ తిరుగుడేదో తిన్న వెంటనే పెట్టుకోండి.

ఈలోగా వాంతులు, కడుపునొప్పి, ఊపిరి బరువుగా, వేగంగా రావడం, మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనబడినా పరీక్ష రోజు దాకా ఆగొద్దు. సూదులేసే ఆయన దగ్గరికి అసలే పోవద్దు. ఎవరినైనా బండి తియ్యమని, లేదా 108కి ఫోను చేసి నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళి ‘షుగరు చూడండి’ అని అడగండి. అవేమీ లేకపోతే ఆలుమగలిద్దరూ ఒకే రోజు వెళ్ళి రక్తమివ్వండి. రిపోర్టులు వచ్చాక మళ్ళీ రాయండి. అంకెలతో పాటు రక్తమిచ్చే ముందు ఆఖరుసారి ఎన్నింటికి ఏం తిన్నారో, ఏం తాగారో కూడా రాయండి.